ఎండాడ ఎత్తు మీద నలభై రెండు పళ్లు: ఒక కాలేజీ సైకిల్ కేసు

పోయిన ఏడాది దసరాకు వారం ముందు మా కొట్లో కాలు పెట్టే చోటు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. తగ్గాక కొందాంలే అని ఆగినవాళ్లంతా ఒక్కసారే బయల్దేరారు. ఆ రద్దీలో ఒక సాయంత్రం ఏడింటికి తండ్రీ కూతురూ వచ్చారు. మధురవాడ కార్‌షెడ్ జంక్షన్ దగ్గర ఇల్లు. అమ్మాయి ఏయూలో (ఆంధ్ర యూనివర్సిటీ) ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. బడ్జెట్ అన్నీ కలిపి 18 వేలు.

విశాఖలో ఇరవై రెండేళ్లుగా సైకిళ్లు బిగిస్తున్నాను, బాగుచేస్తున్నాను. ఏది కొనాలో చెప్పడం కూడా అందులో భాగమే. ఈ కేసులో నేను చెప్పిన సలహాల్లో ఒకటి తప్పింది. ఎక్కడ తప్పిందో, సరిచేయడానికి ఎంతయిందో లెక్కతో సహా రాస్తున్నాను. సైకిల్ కంపెనీ పేరు మాత్రం రాయను. ఈ ధరలో అదే సామాను మూడు నాలుగు పేర్ల మీద దొరుకుతుంది. ఆ మాటకొస్తే హెర్క్యులిస్, బీఎస్ఏ, మాంట్రా మూడూ చెన్నై టీఐ వాళ్లవే. ఫైర్‌ఫాక్స్‌ను 2015లో హీరో సైకిల్స్ కొనేసింది. స్టిక్కర్ చూసి కొట్టుకోవడం అనవసరం.

తండ్రి లోపలికి రాగానే గోడ పక్కనున్న ఎర్ర ఎంటీబీ (మౌంటెన్ బైక్, కొండదారి సైకిల్) దగ్గరికెళ్లి నిలబడ్డారు. "గురూగారూ, ఇదెంత? ఇరవై ఒక్క గేర్లు, రెండు డిస్కులు, ముందు షాకబ్జర్. పిల్లకి సేఫ్టీగా ఉంటుంది." అమ్మాయి మాత్రం సైకిళ్ల వైపు చూడకుండా నా బల్ల మీద ఉన్న పాత ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి, తిప్పి చూస్తోంది. ఈ పిల్లకి సైకిల్ నిలుస్తుంది అనుకున్నాను.

ఎవరొచ్చినా ముందు దారి అడుగుతాను. ధర, గేర్లు ఆ తర్వాత. కార్‌షెడ్ నుంచి నేషనల్ హైవే మీద ఎండాడ, జూ పార్క్, హనుమంతవాక, వెంకోజీపాలెం, ఇసుకతోట, మద్దిలపాలెం, అక్కణ్నుంచి క్యాంపస్. ఒక వైపు సుమారు 11 కిలోమీటర్లు. మధ్యలో ఎండాడ ఎత్తు. పొద్దున ఎనిమిదిన్నరకు అక్కడ ఉండాలి. సాయంత్రం ల్యాబ్ ఉన్న రోజు ఎప్పుడు వదుల్తారో తెలియదు. బ్యాగులో ల్యాప్‌టాప్, రికార్డులు, టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా కలిపి ఐదారు కేజీలు.

"బస్సు ఫ్రీ కదమ్మా ఇప్పుడు?" అనడిగాను. ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఫ్రీగా వెళ్లేదాన్ని వదిలి 18 వేలు పెట్టే ముందు ఆ ప్రశ్న అడగాలి, నా వ్యాపారానికి నష్టమైనా సరే.

"ఫ్రీయే అంకుల్. కానీ ఎక్కడానికి చోటుండాలి కదా. రెండు బస్సులు వదిలేస్తే గానీ మూడోది ఎక్కలేం. వానొస్తే ఎలాగూ బస్సే."

ఆ చివరి మాట నాకు నచ్చింది. రోజూ సైకిలే, ఏమైనా సైకిలే అనేవాళ్లు నెలకే మూల పెడతారు. వారంలో నాలుగు రోజులు సైకిల్, రెండు రోజులు బస్సు అనుకునేవాళ్లే ఏళ్ల తరబడి తొక్కుతారు. ఇది నా కొట్లో చూసిందే.

ఎర్ర సైకిల్ ఎందుకు వద్దన్నానంటే

తండ్రిగారికి నచ్చిన సైకిల్ 17 కేజీల పైన తూగింది. అందులో ముందు షాకబ్జర్ ఒక్కటే రెండున్నర కేజీలు. 14 వేల సైకిల్‌కు వచ్చే షాకబ్జర్‌లో ఉండేది స్ప్రింగు, గ్రీజు, అంతే. దాన్ని అదుపు చేసే ఆయిల్ డాంపర్ ఉండదు. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ మీద వేసిన బలం కొంత ఆ స్ప్రింగును నొక్కడానికే పోతుంది. మన ఊళ్లో ఇంకో గొడవ ఉంది: ఉప్పు గాలి. ఆ లోపలి గొట్టాలు ఏడాదికి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఆ తర్వాత అది షాకబ్జర్ ఆకారంలో ఉన్న ఇనుప కడ్డీ. నేషనల్ హైవే మీద, బీచ్ రోడ్డు మీద గుంతల కుదుపుకు లావు టైరులో సరైన గాలి చాలు.

డిస్కు బ్రేకు సంగతి కొంచెం వేరు. మంచి డిస్కు మంచిదే, వానలో అయితే ఇంకా మంచిది. కానీ ఈ ధరలో వచ్చేది తీగతో లాగే డిస్కు. రెండు ప్యాడ్లలో ఒకటే కదులుతుంది, రెండోది కదలదు. ప్యాడ్ అరిగేకొద్దీ నెలకోసారి సర్దుకోకపోతే రోటర్‌కు, అంటే చక్రంతో తిరిగే ఆ ఇనుప పళ్లేనికి, రాసుకుంటూ సర్ సర్ మంటుంది. రోటర్ కొంచెం వంగినా అదే పాట. రిమ్మును రెండువైపులా నొక్కే వీ-బ్రేకు రబ్బర్లు అరిగితే వంద, నూట యాభైకి ఏ సందులోనైనా దొరుకుతాయి, పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. తడిసిన రిమ్ము మీద మొదటి రెండు చుట్లు పట్టవు, అది నిజం. వాన రోజు బస్సెక్కే పిల్లకు ఆ లోపం పెద్దది కాదు.

ఇక టైర్లు. గడ్డి పీకే ముళ్లతో ఉన్న ఎంటీబీ టైరు తారు రోడ్డు మీద గుయ్యిమంటుంది. ఆ శబ్దమంతా కాలి కష్టమే.

ఇంకోవైపు బుట్ట, చైన్‌కవర్ ఉన్న మామూలు లేడీస్ సైకిల్ 8 వేలకే ఉంది. రెండు మూడు కిలోమీటర్లయితే కళ్లు మూసుకుని అదే ఇచ్చేవాణ్ని. ఇరవై రెండు కిలోమీటర్ల రానూపోనూకి, గేరు లేకుండా ఎండాడ మీద, ఇవ్వలేను.

అలా హైబ్రిడ్ దగ్గర ఆగాం. హైబ్రిడ్ అంటే పెద్ద రహస్యమేం లేదు. రోడ్డు సైకిల్‌కున్న పెద్ద చక్రం, ఎంటీబీకున్న తిన్నటి హ్యాండిల్, రెంటికీ మధ్యస్థంగా 35 మిల్లీమీటర్ల నున్నటి టైరు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు షాకబ్జర్ ఉండదు. తూకం 14 కేజీల చిల్లర.

కొట్లో అప్పుడు రెండు హైబ్రిడ్లు ఉన్నాయి. ఒకటి 15,500. ముందు పళ్ల చక్రాలు మూడు, వెనక ఏడు. రెండోది 13,200. ముందు ఒకటే 42 పళ్లది, వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఏడు. నేను రెండోది చెప్పాను. కారణాలు నాకు గట్టివిగానే తోచాయి. ముందు డిరైలర్ (గేరు మార్చినప్పుడు చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) అంటే రోజూ తలనొప్పి. సర్దుబాటు తప్పితే చైన్ రాపిడి, ఇంకొంచెం తప్పితే చైన్ లోపలికి ఊడి ఫ్రేముకూ క్రాంకుకూ (పెడల్ బిగించి ఉండే కడ్డీ) మధ్య ఇరుక్కుపోతుంది. కొత్తవాళ్లు ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం కలిపి తొక్కేస్తారు, చైన్ అడ్డంగా సాగి త్వరగా అరుగుతుంది. పైగా 2,300 మిగులుతాయి, ఆ డబ్బుతో లైట్లు, హెల్మెట్ వస్తాయి. "అంత ఎత్తు లాగుతుందా?" అని తండ్రిగారు అడిగారు. "నేను తొక్కి చూసి చెప్తానండి" అన్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి ఆ సైకిలే తీసుకుని హనుమంతవాక నుంచి జూ మీదుగా ఎండాడ ఎక్కాను. చివరి గేరులో కొంచెం ఆయాసం వచ్చింది, అంతే. లాగుతుందని ఫోన్ చేసి చెప్పాను.

కొలత

సైకిల్ ఏదైనా కొలత తప్పితే అది మూలకే. అమ్మాయి ఎత్తు 157 సెంటీమీటర్లు. గోడకు ఆనించి నిలబెట్టి, రెండు కాళ్ల మధ్య లావు పుస్తకం పైకంటా పెట్టి నేల నుంచి కొలిస్తే కాలి పొడవు 73. చాలా కొట్లలో ఈ రెండో కొలత తీయరు. ఎత్తు చూసి, ఉన్న స్టాకు చూసి ఇచ్చేస్తారు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో కాళ్ల పొడవు నాలుగైదు సెంటీమీటర్లు తేడా రావడం మామూలే.

ఫ్రేము 16 అంగుళాలది తీశాం. పైగొట్టం కిందికి వాలి ఉన్న రకం, నిలబడితే కాళ్ల మధ్య మూడు వేళ్ల పైన ఖాళీ. చుడీదార్‌తో ఎక్కి దిగడానికి అది చాలు. సీటు ఎత్తుకు ఒక పాత లెక్క ఉంది: కాలి పొడవును 0.883తో గుణిస్తే క్రాంకు నడిబొడ్డు నుంచి సీటు పైభాగానికి ఉండాల్సిన దూరం వస్తుంది. ఈమెకు అరవై నాలుగున్నర. లెక్క వద్దనుకుంటే మడమను పెడల్ మీద పెట్టి కిందికి దించితే మోకాలు తిన్నగా రావాలి, అదే కొలత.

ఆ ఎత్తులో కూర్చోబెడితే అమ్మాయి భయపడింది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలంది. అందరూ అదే అడుగుతారు. పాదాలు పూర్తిగా ఆనేంత కిందికి దించితే తొక్కేటప్పుడు మోకాలు గొంతుదాకా వస్తుంది, పది కిలోమీటర్లకు మోకాలి చిప్ప నొప్పి మొదలవుతుంది. ఆగేటప్పుడు సీటు దిగి ముందుకు రావడం అలవాటు చేసుకోమని, అప్పటిదాకా మూడు సెంటీమీటర్లు తగ్గించి ఇచ్చాను. వారానికో సెంటీమీటరు పెంచుదాం అనుకున్నాం. రోజూ మా కొట్టు మీదుగానే పోతుంది కాబట్టి అది కుదిరింది.

చున్నీ విషయం వాళ్లమ్మగారు ఫోన్‌లో ప్రత్యేకంగా అడిగారు. గేరు సైకిల్‌కు పాతకాలం లేడీస్ సైకిల్‌లాగా నిండు చైన్‌కవర్ పట్టదు, చైన్ పక్కకు కదలాలి కదా. ముందు పళ్ల చక్రానికి బయటివైపు ప్లాస్టిక్ గార్డు ఉన్న మోడలే ఎంచుకున్నాం. వెనక చక్రానికి డ్రెస్ గార్డు బిగిద్దామంటే అమ్మాయి ఒప్పుకోలేదు, చున్నీ బ్యాగులో పెట్టుకుంటానంది. బ్యాగు వీపున కాకుండా వెనక క్యారేజ్ మీద కట్టుకోమన్నాను. విశాఖ ఉక్కలో వీపు మీద బ్యాగుతో పదకొండు కిలోమీటర్లు తొక్కితే క్లాసులో పక్కన ఎవరూ కూర్చోరు. క్యారేజ్ బిగించాలంటే ఫ్రేముకు మరలు పట్టే కన్నాలు ఉండాలి. కొనే ముందు వెనక చక్రం ఇరుసు పక్కన, సీటు కింద చూసుకోవాలి. కన్నాలు లేకపోతే క్లాంపులతో నెట్టుకురావాలి, ఆ క్లాంపులు నెలకోసారి జారుతాయి.

బిల్లు ఇలా వచ్చింది. సైకిల్ 13,200. మడ్‌గార్డులు 450, క్యారేజ్ 750, స్టాండు 350, తాళం 850, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు కలిపి 700, హెల్మెట్ 1,100, చిన్న పంపు 400, స్పేరు ట్యూబు, ప్యాచీలు, సొల్యూషన్, టైరు లివర్లు కలిపి 450. పై సామాను మొత్తం 5,050, అంతా 18,250. హైబ్రిడ్ కొనేవాళ్లు ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మామూలు సైకిల్‌కు స్టాండు, మడ్‌గార్డు, క్యారేజ్ దానితోపాటే వస్తాయి. హైబ్రిడ్ బోడిగా వస్తుంది. 18 వేలు చేతిలో ఉంటే సైకిల్ 13 వేలకు మించకూడదు. 18 వేలకూ సైకిలే కొని, తాళం లేకుండా చీకట్లో లైటు లేకుండా తిరిగే కుర్రాళ్లను రోజూ చూస్తాను.

స్పేరు ట్యూబు గురించి ఒక మాట. తండ్రిగారు 450 దగ్గర ఆగి, "పంచర్ పడితే రోడ్డు పక్కన వేయించుకుంటుంది కదా" అన్నారు. వేయించుకోవచ్చు. కానీ టైరో ట్యూబో మార్చాల్సి వస్తే రోడ్డు పక్కన దొరికే ‘28’ టైరు దీనికి పట్టదు. మన పాత పెద్ద సైకిల్ రిమ్ముకు టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. హైబ్రిడ్‌ది 622. రెంటినీ 28 అనే అంటారు. పదమూడు మిల్లీమీటర్ల తేడా కంటికి తెలియదు, బిగించాక టైరు గంతులేసినప్పుడు తెలుస్తుంది. ఎంటీబీల్లో 29 అనేది మాత్రం ఇదే 622. కాబట్టి అడిగేటప్పుడు అంగుళాలు చెప్పకుండా టైరు పక్కన అచ్చేసిన 35-622 అన్న అంకె చూపించాలి. హైవే మీద పగిలిన లారీ టైర్ల సన్నటి తీగ ముక్కలు పడి ఉంటాయి, పంచర్లలో సగం వాటివే. పంచర్ వేశాక టైరు లోపల వేలితో తడమకపోతే అదే తీగ మళ్లీ గుచ్చుకుంటుంది.

విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. ఆ ముందురోజు బండి తీసుకెళ్లి, పండగ నాడు పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ తొక్కించారట. ఫొటో పంపారు.

పది రోజులకు

అక్టోబరు రెండో వారంలో ఒక సాయంత్రం కొట్టు ముందు ఆగింది. మొహం చూడగానే అర్థమైంది. "అంకుల్, పొద్దున బానే ఉంటోంది. సాయంత్రం జూ దాటాక నడిపించుకుంటూ వెళ్తున్నా. రోజూ." ఇంటికి చేరడానికి యాభై ఐదు నిమిషాలు పడుతోందట.

నేను ఎక్కిన ఎత్తే అది, నేను తొక్కిన సైకిలే. మరి తేడా ఎక్కడుంది? ఆమె వెళ్లాక బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను.

700x35 టైరు (పైన చెప్పిన 35-622 ఇదే) ఒక చుట్టు తిరిగితే సుమారు 2.17 మీటర్లు. ముందు 42, వెనక 28 అంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒకటిన్నర చుట్లు, అంటే 3.25 మీటర్లు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు పన్నెండు కిలోమీటర్ల లోపు. ఆ ఎత్తు మీద, రోజంతా క్లాసులయ్యాక, క్యారేజ్ మీద ఆరు కేజీలతో, 52 కేజీల పిల్ల పన్నెండు తొక్కలేదు. ఏడు తొక్కుతుంది. ఏడు కిలోమీటర్ల వేగానికి పెడల్ నిమిషానికి 36 చుట్లే తిరుగుతుంది. అంత నెమ్మదిగా తిప్పితే ప్రతి చుట్టూ బస్కీ తీసినట్టే. బ్యాలెన్స్ కూడా నిలవదు, వెనక లారీ హారన్ కొట్టగానే దిగిపోతుంది.

నేను ఆదివారం పొద్దున ఆరింటికి, ఎండ లేకుండా, బ్యాగు లేకుండా, ఖాళీ రోడ్డు మీద, ఇరవై ఏళ్లుగా తొక్కుతున్న కాళ్లతో ఎక్కాను. దారి అడిగాను, బ్యాగు బరువు అడిగాను, కాలి పొడవు కొలిచాను. ఎత్తుకు వచ్చేసరికి నా కాళ్లతో కొలిచి ఆమెకు ఇచ్చాను.

ఇంకొకటీ ఉంది. నేను వద్దన్న 15,500 సైకిల్‌లో ముందు చిన్న చక్రం 28 పళ్లది. 28కి 28 పెడితే చుట్టుకు 2.17 మీటర్లే. అది ఎక్కేసేది. తండ్రిగారి ఎర్ర సైకిల్ కూడా, అంత బరువుతోనూ, ఎక్కేసేది. ఆయన ఆ మాట అనలేదు. అనకపోయినా నాకు వినపడింది.

మార్గాలు మూడు కనిపించాయి. సైకిల్ వెనక్కి తీసుకుని ముందు మూడు పళ్ల చక్రాలున్న 15,500ది ఇవ్వడం. ముందు క్రాంకు సెట్టు మార్చి తక్కువ పళ్లది వేయడం. వెనక ఫ్రీవీల్ మార్చడం. మొదటిది న్యాయమే, కానీ అప్పటికి ఆ సైకిల్ అమ్ముడైపోయింది. ఈ సైకిల్ క్రాంకులో పళ్ల చక్రం రివెట్లతో బిగించి ఉంటుంది, ఒక్క చక్రమే మార్చడానికి లేదు, సెట్టు మొత్తం మార్చాలి. వెనకదే తేలిక.

మెగా రేంజ్ అనే ఏడు చక్రాల ఫ్రీవీల్ ఒకటుంది. 14, 16, 18, 20, 22, 24 వరకు మెట్లు మెట్లుగా వెళ్లి, ఆఖర్న ఒక్కసారి 34కు దూకుతుంది. ఆ దూకుడు ఇష్టపడనివాళ్లు ఉన్నారు, గేరు వేసినప్పుడు కాలు ఒక్కసారిగా ఖాళీగా తిరిగినట్టుంటుంది. మన అవసరానికి మాత్రం సరిగ్గా అదే కావాలి: దారంతా మామూలు గేర్లు, ఒక్క ఎండాడకు ఒక్క పెద్ద పళ్లది. 42కి 34 అంటే చుట్టుకు 2.68 మీటర్లు. అదే ఏడు కిలోమీటర్ల వేగానికి 43 చుట్లు పైచిలుకు. కాగితం మీద చిన్న తేడాలా ఉంటుంది గానీ దిగి నడవడానికీ కూర్చుని ఎక్కడానికీ మధ్య తేడా అంతే.

వెనక డిరైలర్ 34 పళ్లదాకా పట్టే రకమే, మార్చక్కర్లేదు. చైన్ మాత్రం పాతది చాల్లేదు. పెద్ద చక్రానికి చుట్టు రావాలి కాబట్టి పొడుగు చైన్ వేశాను. డిరైలర్ పైచక్రం 34 పళ్లకు తగలకుండా వెనక ఉండే చిన్న మర బిగించాలి, ఇది చాలామంది మరిచిపోయి గేరు గరగరమంటోందని ఫ్రీవీల్‌ను తిడతారు. ఫ్రీవీల్ 800, చైన్ 450. కూలి తీసుకోలేదు. సామాను డబ్బు కూడా వద్దన్నాను, తండ్రిగారు ఫ్రీవీల్ డబ్బు మాత్రం ఇచ్చి చైన్ మీ ఖాతాలో వేసుకోండన్నారు. ఆ ఒప్పందం ఇద్దరికీ బాగుంది.

ఈసారి నేను తొక్కి చూడలేదు. సాయంత్రం ఐదున్నరకు, ఆమె బ్యాగుతో ఆమెనే తొక్కమని, నేను బైక్ మీద వెనక వెళ్లాను. జూ దాటాక 34 మీద వేసింది. నడక కన్నా కొంచెం వేగంగా, కానీ దిగకుండా ఎండాడ జంక్షన్ దాకా వెళ్లింది. పైన ఆగి నీళ్లు తాగి, నా వైపు చూసి బొటనవేలు చూపించింది.

చేతులు, తుఫాను, తుప్పు

తర్వాత ఫిర్యాదు చేతులది. నెల దాటాక చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయంది. ఆ రెండు వేళ్లే అంటే అరచేతి అంచున పోయే నరం మీద బరువు పడుతోందన్నమాట. సైకిల్ చూస్తే సీటు ముక్కు బాగా కిందికి వంచి ఉంది. కూర్చుంటే ఒత్తుకుంటోందని తనే స్పానర్‌తో వంచుకుందట. సీటు ముందుకు వాలితే ఒళ్లు ముందుకు జారుతుంది, జారకుండా చేతులు ఆపుతాయి, ఆ బరువంతా అరచేతుల మీదే. సీటు తిరిగి సమంగా పెట్టాను. అసలు ఒత్తిడికి కారణం హ్యాండిల్ దూరంగా ఉండటం: ఆమె నడుము వంచి అందుకుంటోంది. హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ము 100 మిల్లీమీటర్లది తీసి 70ది వేశాను, పాత సామాన్లలో ఉన్నదే. వారంలో తిమ్మిరి పోయింది. సీటు మెత్తగా లేదని జెల్ కవర్ కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది సీటు వంపు సర్దే ఆరో నంబరు అలెన్ కీ.

అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చింది. తీరం దాటింది కాకినాడ వైపు అయినా మనకూ కుండపోతే. కాలేజీలకు సెలవులు. సైకిల్ అపార్ట్‌మెంట్ సెల్లారులో కాకుండా బయట గేటు దగ్గర మూడు రోజులు తడిసింది. తర్వాత చూస్తే కొత్త చైన్ ఇటుక రంగులో ఉంది. వాళ్లింట్లో ఎవరో మంచిదని కొబ్బరినూనె పోశారు. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురవుతుంది, హైవే దుమ్మంతా దానికి అంటుకుని గంధపు ముద్దలా తయారవుతుంది. పాత ఇంజనాయిల్ పోసేవాళ్లదీ అదే గతి. కిరసనాయిలు దొరకడం కష్టం కాబట్టి డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, పల్చటి మెషీన్ ఆయిల్ ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, అరగంటాగి పైనున్నదంతా గుడ్డతో తుడిచేశాను. నూనె చైన్ లోపల పని చేస్తుంది, పైన ఉన్నది మట్టికి పిలుపు. వారానికోసారి, బీచ్ రోడ్డు మీద వెళ్లిన మర్నాడు తప్పనిసరిగా, పొడిగుడ్డతో తుడవమని చెప్పాను.

బీచ్ రోడ్డు ఎందుకంటే, శనివారాలు ఆమె హైవే వదిలి ఎండాడ నుంచి సాగర్‌నగర్ వైపు దిగి, జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్క్, లాసన్స్‌బే మీదుగా వస్తోంది. దూరం ఎక్కువే, లారీలు తక్కువ. "హైవే మీద సైకిల్ తొక్కుతున్నట్టుంటుంది, ఇక్కడ వెళ్తున్నట్టుంటుంది" అంది. సముద్రపు తుంపర మాత్రం ఊచల చివరి నిపిళ్లను తినేస్తుంది. సీటు గొట్టాన్ని నెలకోసారి తీసి గ్రీజు రాయకపోతే ఫ్రేములోనే అతుక్కుపోతుంది. అతుక్కున్నది తీయడానికి నేను ఒక పూటంతా సుత్తితో కుస్తీ పట్టిన సైకిళ్లు ఉన్నాయి.

పంచర్లు మూడున్నర నెలల్లో రెండు. రెండోది తనే వేసుకుంది. గాలి వెనక 60 పీఎస్ఐ, ముందు 50 పెట్టుకోమన్నాను, ఆమె బరువుకు అది సరిపోతుంది. పెట్రోల్ బంకులో గాలి కొట్టించవద్దని గట్టిగా చెప్పాను. ఆ కంప్రెసర్ కారు టైరుకు అలవాటు పడ్డది. సైకిల్ ట్యూబులో పట్టే గాలి ఎంత? రెండు సెకన్లు ఎక్కువైతే ఠాప్.

సంక్రాంతి సెలవుల ముందు సర్వీసుకు తెచ్చింది. వెనక చక్రం ఊచలు నాలుగు వదులయ్యాయి, బ్రేకు రబ్బర్లు సగం అరిగాయి. కొత్త సైకిల్‌కు మొదటి మూడు నెలల్లో ఊచలు సర్దుకోవడం మామూలే, ఆ సర్వీసు ఎగ్గొడితేనే రిమ్ము బెండవుతుంది. సాయంత్రం ఇంటికి ఇప్పుడు నలభై రెండు, నలభై మూడు నిమిషాలట. వారంలో సగటున నాలుగు రోజులు సైకిల్, మిగతాది బస్సు. సీటు లెక్కకు అర సెంటీమీటరు తక్కువలో ఆగింది. అంతకన్నా పైకి వద్దంది, సరేనన్నాను. ఇంతవరకు ఖర్చు, నేను భరించిన చైన్ కూడా కలుపుకుంటే, 19,500.

మధ్యలో ఆమె క్లాసులో ఇంకో కుర్రాడు ఆన్‌లైన్‌లో పెట్టెలో వచ్చిన సైకిల్ కొని, సొంతంగా బిగించుకుని, హ్యాండిల్ వణుకుతోందని పట్టుకొచ్చాడు. ఫోర్కు వెనక్కి తిప్పి బిగించాడు. బ్రేకులు వెనక్కి చూస్తున్నాయి. అలా పన్నెండు రోజులు తొక్కాడంటే వాడి బ్యాలెన్స్‌కు దండం పెట్టాలి.

చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, పొద్దున ఏయూకి వెళ్లేటప్పుడు వీపున తోస్తుంది. మార్చి దాటితే నైరుతి గాలి తిరుగుతుంది. మధురవాడ నుంచి ఊళ్లోకి వచ్చే దారి సరిగ్గా దానికి ఎదురు. అప్పుడు పొద్దుటి ప్రయాణమే బరువవుతుంది, ఎండ దానికి తోడు. ఈ మాట ఆమెకు ముందే చెప్పాను, ఈసారి కాలు ఆమెదే, నిర్ణయమూ ఆమెదే. ఏప్రిల్‌లో ఒక వారం తొక్కి చూసి చెప్తానంది. 38 పళ్ల క్రాంకు సెట్టు ఒకటి తెప్పించి, ఆమె పేరు రాసిన చీటీ కట్టి కొట్లో మేకుకు తగిలించి ఉంచాను.